బడి విడిచే బాలుర సంకల్పాలు: గంజాం చరిత్ర చెప్పే పాఠం

ఏటా వీడ్కోలు సభలో పెద్ద తరగతి విద్యార్థులు తాము ఏమి కాదలచుకున్నారో చెప్పడం పాఠశాలల్లో ఆనవాయితీ. ఆ సంకల్పాలు ఎంతవరకు నిలుస్తాయన్న ప్రశ్నకు మన గంజాం ప్రాంత చరిత్రలోనే రెండు ఉదాహరణలున్నాయి.

శ్రీ వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలో ఒక న్యాయవాది ఇంట జన్మించారు. ఆ వృత్తినే ఆశించి 1913లో డబ్లిన్ వెళ్ళారు. ఐర్లండు స్వాతంత్ర్యోద్యమం ఆయన దృష్టిని మార్చింది. 1916లో తిరిగివచ్చి కొంతకాలం న్యాయవాదిగా పనిచేసినా, కార్మికుల పక్షాన, ముఖ్యంగా రైల్వే కార్మికుల పక్షాన నిలవడమే ఆయన జీవితకార్యమైంది. 1969లో రాష్ట్రపతి పదవి నధిష్ఠించారు.

శ్రీ గిడుగు వెంకట రామమూర్తి 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయనకు ఆ కొలువే ఆధారం. అయినా చుట్టుపక్కల కొండలలోని సవరల భాష నేర్చి, వారికి బడులు పెట్టి, ఆ భాషకు నిఘంటువు కూర్చారు. తెలుగు చదువు వాడుక భాషలో సాగాలని జీవితాంతం పోరాడారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి ఈ రెండు ఊళ్ళూ అందులో చేరాయి. గిడుగువారు రాజమహేంద్రవరం తరలివెళ్ళారు. ఇక్కడే నిలిచిన కుటుంబాలకు తెలుగు బడిని కాపాడుకోవడమే సంకల్పమైంది. పై చదువులు ఒడియాలోనో ఆంగ్లంలోనో సాగేటప్పుడు తెలుగు బడి ఎందుకని అడిగే తల్లిదండ్రులకు గిడుగువారి జీవితమే సమాధానం: మాతృభాషను ప్రేమించినవారే పొరుగుభాషను గౌరవించి నేర్చారు.

వెళ్ళివస్తున్న విద్యార్థులారా! మీరు ఎంచుకున్న వృత్తి మారవచ్చు. ఇక్కడ అబ్బిన భాష, సాటివారిపై ఆదరం మారకుండు గాక!