పోకరాట ఇల్లు చేరిన విధము

శివరాత్రి జాగారమునాడో, పండుగ సెలవులలోనో పేకముక్కలు కలుపుట మన యిండ్లలో క్రొత్త గాదు. ఆట సాఫీగా సాగినంతసేపు నియమములు ఎవరికిని పట్టవు. తగవు వచ్చినప్పుడే వాని అవసరము తెలియును. అమెరికా వారి పోకరాటలో ముక్కలు పంచుటకు, పందెము కాయుటకు ఉన్న కట్టుబాట్లు అట్టి తగవులనుండి పుట్టినవే యని మాకు తోచుచున్నది.

పోకరు పుట్టినది గృహములలో కాదు. పంతొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో న్యూ ఆర్లియన్సు రేవులోను, మిసిసిపీ నదిమీది పొగ ఓడలలోను అది పెరిగినది. అప్పటి పేకలో 20 ముక్కలే: ఆసు, రాజు, రాణి, జాకీ, పది. నలుగురికి 5 చొప్పున పంచగా ఒక్క ముక్కయు మిగులదు. నాలుగు ఆసులు వచ్చినవానిని ఓడించు చేయి లేదు; అట్టివాడు పందెము పెంచుట ఎదుటివాని సంచి విప్పుటయే. పైగా ముక్కలను రహస్యముగా అమర్చి పంచు వృత్తి జూదరులకు ఆ ఓడలలో కొదువ లేదు. జోనథన్ గ్రీన్ అను పూర్వపు జూదరి 1843లో ఆ మోసములను బయటపెట్టుచు ఒక గ్రంథమే ప్రకటించినాడు.

తరువాత 52 ముక్కల పేక వచ్చినది. దానితో 5 ముక్కల చేతులు 25,98,960 విధములుగా ఏర్పడును. అందు అయిదును ఒకే గుర్తువి 5,108. వరుస ముక్కలు 10,200. ఒకే గుర్తులో వరుసగా వచ్చునవి వేరుగా 40 మాత్రమే. అరుదైనది గొప్పదను లెక్క నేడు సులభముగా తోచును గాని, ఆనాడు వరుస ముక్కలకు అసలు విలువ కలదా లేదా యన్నదే చోటికొక తీరుగ నుండెను.

1871లో లండనుకు అమెరికా రాయబారిగా వచ్చిన రాబర్ట్ షెంక్, అంతర్యుద్ధమున సేనానిగా పోరి గాయపడినవాడు. ఆయన సోమర్సెట్ ప్రాంతమున ఒక గృహిణి యింట అతిథిగా ఉండగా, ఆమె కోరికపై పోకరు నియమములు వ్రాసి యిచ్చినాడు. ఆమె వానిని స్వంతముగా అచ్చు వేయించినది. ఓడలలోని ఆట ఒక గృహస్థురాలి గదిలో క్రమము పొందుట మాకు ముచ్చటగా నున్నది.

ఆ నియమములను చూడుడు. పంచువాని కుడివైపువాడు పేక కోయవలెను. అనగా కలిపినవాని చేతి అమరిక చెల్లదు. ఎడమనుండి మొదలిడి ఒక్కొక్క ముక్కగా పంచవలెను. ఎడమప్రక్కవాడు మొదట కొంత సొమ్ము ఒడ్డును. తక్కినవారు ముక్కలు చూచుకొని, ఆడదలచినచో దానికి రెట్టింపు పెట్టుదురు. లేనిచో ముక్కలు బోర్లించి తప్పుకొందురు. పిమ్మట అక్కరలేని ముక్కలు మార్చుకొని, వరుసగా మరల పందెము కాయుదురు. ఒకడు పెంచినచో అంతకు సమానముగా పెట్టుటయో, ఇంకను పెంచుటయో, విరమించుటయో తప్పదు. అందరును విరమించినచో మిగిలినవాడు ముక్కలు చూపకయే సొమ్మంతయు తీసికొనును. చేతిలో ఏమియు లేకున్నను ధీమా నటించు విద్యకు మూలమిదియే.

పాపము, షెంకునకు స్వదేశమున విమర్శయే దక్కినది. ఎమ్మా వెండిగని వాటాల అమ్మకమునకు తన పేరు వాడనిచ్చిన వ్యవహారమున 1876లో ఆయన పదవియు పోయినది. గని వాటాల పందెము పేకాటకన్న పెద్దది గదా!

ఇంటి ఆటకు మిక్కిలి ముఖ్యమైనవి, మా దృష్టిలో, మరి రెండు నియమములు. పందెమునకు హద్దు ముక్కలు పంచకముందే నిర్ణయించుకొనుట ఒకటి. బల్లపై తన యెదుట నున్న సొమ్మును మించి ఎవరును ఒడ్డకుండుట రెండవది. ఈ రెండవది లేనిచోట ధనవంతుడు పందెము పెంచి పేదవానిని మంచి ముక్కలున్నను తరిమివేయగలడు. లేదా అప్పులకు పంపగలడు. హస్తినాపుర సభలో ధర్మరాజు తమ్ములను, తన్ను, ద్రౌపదిని ఒడ్డినది ఇట్టి హద్దు లేని ఆటలోనే.

మన మూడు ముక్కలాట ఇంగ్లీషువారి బ్రాగు ఆటకు దగ్గరి చుట్టము. పోకరునకును బ్రాగుతో బంధుత్వము కలదు. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1967లో మూడు ముక్కలాట కేవలము అదృష్టముపై నడచునదనియు, పడిన ముక్కలను గుర్తుంచుకొని ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో ఎంచవలసిన రమ్మీలో నేర్పే ప్రధానమనియు తీర్పు చెప్పినది.