ఒక్క చేయి లాగిన తేరు కదలదు



మన పల్లె సంఘములలో పాటలు కట్టువారికి కొదువ లేదు. తమ సాక్ష్యము వ్రాసినవారు, బైబిలు కథలను పిల్లలకు పద్యములుగా కూర్చినవారు ప్రతి మండలములోను కనబడుదురు. వీరిలో అనేకులు తమ సొంత డబ్బుతోనే పుస్తకము అచ్చు వేయించుకొందురు. మదనపల్లె దిక్కున టమోటా అమ్మిన డబ్బు, కుప్పము దిక్కున పట్టుగూళ్లు అమ్మిన డబ్బు అచ్చాఫీసుకు చేరును. వేయి ప్రతులు ఇంటికి వచ్చును. నూరు ప్రతులు బంధువులకును సంఘస్థులకును పంచిపెట్టుదురు. మిగిలినవి అటక మీద చెదలపాలగును. రచన చెడ్డదగుటచేతనే ఇట్లు జరుగునని తలంపకుడి. వ్రాసినవానికి తోడు లేకపోవుటయే తరచుగా ఇందుకు కారణము. మన ప్రాంతపు చరిత్ర చూచినయెడల ఈ మాట తేటపడును.

ఒకప్పుడు మదనపల్లె కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరెను. ఆ కడపకే 1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఉద్యోగియై వచ్చెను. ఆయన తన సొంత డబ్బుతో పండితులకు జీతములిచ్చి, తాళపత్ర ప్రతులను తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూపించెను. వేమన పద్యములు ఆయన చేతిమీదుగా 1829లో అచ్చులోనికి వచ్చెను. అట్టమీద ఉన్నది ఒక్కరి పేరే గాని, లోపల పనిచేసిన చేతులు అనేకము.

1863లో ఆర్కాటు మిషనుకు చెందిన డాక్టరు జేకబ్ ఛాంబర్లేన్‌గారు మదనపల్లెలో సేవ ప్రారంభించెను. ఆయన వైద్యుడు, బోధకుడు. ఆ సంవత్సరమే గుర్రముపై హైదరాబాదు రాజ్యము గుండా మధ్య భారతము వరకు దాదాపు 1,200 మైళ్ల ప్రయాణము చేసెను. ఒక ప్రాకారపు పట్టణములో జనులు రాళ్లు పట్టుకొని ఆయనను చుట్టుకొనిరి. ఒక్క కథ చెప్పనిమ్మని వారిని వేడుకొని, ఆయన క్రీస్తు జననము మొదలుకొని సిలువ వరకు చెప్పెను. విన్నవారు రాళ్లు పారవేసి, ఆయనయొద్ద సువార్తలను కరపత్రములను కొనిరని ఆయనయే వ్రాసియున్నాడు.

ఇక్కడ మనము గమనింపవలసినదొకటి కలదు. ఆ ప్రయాణములో ఆయన మోసిన సువార్తలను తెలుగు చేసినది ఆయన కాదు, ఆయనకు ముందున్నవారు. ఇతరుల పని మోసిన పది సంవత్సరములకు, అనగా 1873లో, తెలుగు బైబిలును సవరించు సంఘమునకు ఆయన అధ్యక్షుడాయెను. 1894 వరకు, ఇరువదియొక సంవత్సరములు, ఆ భారము వహించెను. ఆ కాలములోనే విశాఖపట్టణములో లండను మిషనుకు చెందిన జాన్ హేగారు కూడ తెలుగు బైబిలు కొరకు ప్రయాసపడిరి. సవరణ అనగా ఒకరు వ్రాసినదానిని మరియొకరు దిద్దుట, దిద్దించుకొనుటకు మొదటివాడు ఒప్పుకొనుట. ఈ రెండవది మొదటిదానికంటె కష్టము.

1885లో ఛాంబర్లేన్‌గారు ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకము ప్రచురించెను. చక్రముల మీద టెంకాయలు కొట్టుడి, అందరును క్రీస్తు కొరకు లాగుడి అని దాని పేరునకు అర్థము. తేరు ఎట్లు కదలునో మన పల్లెవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పగ్గము పట్టినవారందరు ఒక్కసారి లాగవలెను. ఒక్కడే బలాఢ్యుడై లాగినను లాభము లేదు.

ఇదే మదనపల్లెకు 1919లో రవీంద్రనాథ ఠాగూరుగారు వచ్చిరి. ‘జనగణమన’ను ఆయన అప్పటికే, 1911లో, రచించియుండెను. ఇక్కడి బీసెంటు కళాశాలలో దానిని ఇంగ్లీషులోనికి మార్చెను. కళాశాల ప్రిన్సిపాలు భార్యయైన మార్గరెట్ కజిన్స్ అమ్మగారు ఆ పాటకు స్వరలిపి వ్రాసిరి. నోబెల్ బహుమతి పొందిన కవికి సైతము, పాట నిలిచియుండుటకు మరియొకరి చేయి అక్కరకు వచ్చెను. అట్లయిన మన సంగతి చెప్పనేల?

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను తలంచుడి. దూరపు ఉత్తర దిక్కున పర్లాకిమిడి ప్రాంతములో సేవ చేసిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కట్టిన పాటలు నేడు పుంగనూరు పల్లెలలో వినబడుచున్నవి.  పాడినవారు, రాగము నేర్పినవారు, వేర్వేరు మిషనుల పాటలను ఒక్క పుస్తకములో కూర్చినవారు వాటిని మనయొద్దకు చేర్చిరి.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. అనేక సంవత్సరముల క్రిందట కుప్పము దిక్కునుండి ఒక వృద్ధ ఉపదేశి తన పాటల నోటుపుస్తకము తెచ్చి, దిద్దిపెట్టుమని నన్ను అడిగెను. నేను వేదాంత కళాశాలలో చదివినవాడనని ఆయన నమ్మకము. క్రిస్మసు తరువాత చూతునంటిని. ఈస్టరు తరువాత చూతునంటిని. “తొందర లేదులెండి అయ్యగారూ” అని ఆయన వెళ్లిపోవుచుండెను. నోటుపుస్తకము నా బల్ల సొరుగులోనే ఉండెను. కడకు ఆయన తనయొద్దనున్న మరియొక ప్రతితో అచ్చు వేయించెను. వాక్యముల సంఖ్యలు కొన్ని తప్పుగా పడెను. రెండు పాటలలో చరణములు తారుమారాయెను. ఒక కూటములో ఎవరో దానిని చదివి నవ్విరి. ఆయన ఏమియు అనక, మిగిలిన ప్రతులను సంచిలో పెట్టుకొని బస్సెక్కెను. ఆయన మరణించిన తరువాతనే నేను ఆ నోటుపుస్తకము తెరచితిని. దిద్దుటకు రెండు సాయంత్రములు పట్టెను. అంతే.

కాబట్టి సహోదరులారా, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో వ్రాయువారు మూడు నెలలకొకసారి ఒక్కొక్క ఊరిలో వంతుగా కూడుకొనరాదా? అచ్చుకు ముందు ప్రతి వ్రాతను ఇద్దరు చదువవలెను: ఒకరు వాక్యముల సంఖ్యలు, ఒకరు అక్షరములు, చరణములు. అచ్చు పనిలో కంపోజింగుకును ప్లేట్లకును ఖర్చు ఎన్ని ప్రతులకైనను ఒక్కటే. అందుచేత ఎక్కువ వేసినకొలది ప్రతి ఒక్కింటికి ఖర్చు తగ్గును. ఆ ఆశతోనే మనవారు వేయి వేయించుదురు. నేడు డిజిటల్ అచ్చులో నూరు ప్రతులైనను వేయించవచ్చును. ముందు నూరు వేసి, చదివినవారి మాట విని, తప్పులు దిద్ది, తరువాత ఎక్కువ వేయుట మేలు. పుస్తకము పదునారు పుటల ఫారములుగా అచ్చగును గనుక, చిన్న రచనలు గల ఇద్దరు కలసి ఒక్క పుస్తకముగా వేసికొనిన ఖర్చు పంచుకొందురు. కన్వెన్షనులో ఎవడును తన పుస్తకమునే పొగడుకొనక, పొరుగువాని పుస్తకమును చేతపట్టి అమ్మవలెను. కుప్పములో 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కలదు. అట్టి చోట్ల గ్రంథాలయములకు ఒక ప్రతి ఇచ్చిన, చెదలకు చిక్కక మిగులును.

లేఖనములును ఇదే నేర్పుచున్నవి. యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసెను. రాజు ఆ గ్రంథమును కాల్చినప్పుడు మరల వ్రాసినదియు బారూకే. రోమీయులకు పౌలు పంపిన పత్రికను చేతితో వ్రాసినవాడు తెర్తియు. పదునారవ అధ్యాయములో తన వందనము కూడ చేర్చెను. ప్రభువు తన వాక్యమును సైతము ఒంటరి చేతికి అప్పగింపలేదు.

మీలో ఎవరియొద్దకైనను ఎవరైనను నోటుపుస్తకము తెచ్చినయెడల, దానిని సొరుగులో పెట్టకుడి. ఆ రాత్రియే దీపము దగ్గరకు జరుపుకొని మొదటి పుట చదువుడి. పగ్గము పట్టుకొను కృప ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.