సిరోటిక్ కార్డియోమయోపతి: చరిత్ర

కాలేయం బాగా గట్టిపడిన రోగుల్లో, వేరే గుండెజబ్బేదీ లేకపోయినా కనిపించే గుండె పనితీరు లోపమే సిరోటిక్ కార్డియోమయోపతి. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఈ గుండె చాలాసార్లు మామూలు కన్నా ఎక్కువ రక్తాన్నే తోస్తుంది. ఇన్ఫెక్షన్, రక్తస్రావం, శస్త్రచికిత్స లాంటి భారం మీద పడితే మాత్రం పుంజుకోలేక చతికిలబడుతుంది. పైకి కనిపించే ఈ బలం వల్లే వైద్యులు దశాబ్దాలపాటు పొరబడ్డారు.

తొలి ఆనవాళ్లు

ఫ్రెంచి వైద్యుడు రెనె లేనెక్ 1816లో స్టెతస్కోపు కనిపెట్టాడు. 1819లో దాని గురించి రాసిన గ్రంథంలోనే గట్టిపడి గడ్డలు కట్టిన కాలేయాన్ని వర్ణించి, ఆ జబ్బుకు సిరోసిస్ అని పేరు పెట్టాడు. గుండె చప్పుడు వినే పరికరం, కాలేయ జబ్బు ఒకే పుస్తకంలో చోటుచేసుకున్నాయి. ఆ రెండు అవయవాల లంకెకు కొలతలు దొరకడానికి మాత్రం మరో 134 ఏళ్లు పట్టింది.

1953లో అమెరికా వైద్యులు కొవాల్‌స్కీ, ఏబెల్‌మన్ సిరోసిస్ రోగుల గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తుందో కొలిచారు. పలువురిలో అది మామూలు కన్నా ఎక్కువని తేలింది. మంచం పక్కన నిలబడి చూసినా ఆ ఆనవాళ్లు దొరుకుతాయి. రోగి అరచేతులు వెచ్చగా, ఎర్రగా ఉంటాయి. మణికట్టు దగ్గర నాడి వేలికింద ఎగిరెగిరి కొట్టుకుంటుంది. రక్తపోటు మాత్రం తక్కువగా ఉంటుంది.

మద్యం మీద నింద

1969లో గౌల్డ్ బృందం మద్యం వల్ల కాలేయం చెడినవారి చేత వ్యాయామం చేయించి చూసింది. జఠరికలో ఒత్తిడి పెరిగింది కానీ, ఒక్కో స్పందనకు బయటికి వచ్చే రక్తం అందుకు తగ్గట్టు పెరగలేదు. 1974లో లిమాస్ బృందం జలోదరం ఉన్న రోగులకు గుండె బలం పెంచే ఔబెయిన్ ఇచ్చినా ఫలితం కనబడలేదు. మద్యం గుండె కండరాన్నీ దెబ్బతీస్తుంది కాబట్టి నేరం దాని మీదికే పోయింది. మద్యం ముట్టనివారిలోనూ, సిరోసిస్ తెప్పించిన ఎలుకల్లోనూ ఇదే లోపం బయటపడ్డాక ఆ వాదన వీగిపోయింది. 1980ల చివర ఈ స్థితిని విడి జబ్బుగా గుర్తించడం మొదలైంది. ఇందులో పరిశోధకుడు శామ్యూల్ లీ కృషి ముఖ్యమైనది.

లోపల జరిగేది

కాలేయంలో మచ్చకట్టిన కణజాలం, పేగుల నుంచి కాలేయానికి వచ్చే పోర్టల్ సిర రక్తానికి అడ్డుపడుతుంది. దాంతో పేగుల నుంచి వచ్చే బాక్టీరియా విషాలు కాలేయంలో శుద్ధికాకుండా రక్తంలో కలుస్తాయి. వాటివల్ల నైట్రిక్ ఆక్సైడ్ పెరిగి రక్తనాళాలు వ్యాకోచిస్తాయని 1991లో పరిశోధకులు వాలన్స్, మోంకాడా ప్రతిపాదించారు. నాళాలు వదులైతే ఒత్తిడి పడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి శరీరం అడ్రినలిన్ తరహా హార్మోన్లను ఎడతెగకుండా విడుదల చేస్తుంది.

ఎప్పుడూ మోగే గంటను చెవి పట్టించుకోనట్టే, గుండె కండరంలో ఆ హార్మోన్లను అందుకునే బీటా గ్రాహకాలు వాటికి మునుపటిలా స్పందించవు. జలోదరం ముదిరిన రోగుల రక్తకణాల మీద ఈ గ్రాహకాలు తగ్గాయని 1986లో జర్మనీకి చెందిన గెర్బెస్ బృందం చూపింది. 1990లో ఎలుకల గుండెల్లోనూ వాటి స్పందన మొద్దుబారినట్టు తేలింది.

గుర్తించే పద్ధతులు

ఈసీజీలో క్యూటీ విరామం, అంటే ప్రతి స్పందనకు జఠరికలు విద్యుత్‌పరంగా ఉత్తేజితమై తిరిగి సర్దుకోవడానికి పట్టే సమయం, సాగడం ఒక ముఖ్యమైన గుర్తు. 1998లో ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం పరీక్షించిన సిరోసిస్ రోగుల్లో దాదాపు సగం మందిలో ఇది కనిపించింది. 2005లో మాంట్రియల్‌లో నిపుణులు తొలి ప్రమాణాలు రూపొందించారు. 2020లో వెలువడిన కొత్త ప్రమాణాలు గుండె కండరం ఎంతమేర కుంచించుకుంటుందో కొలిచే స్ట్రెయిన్ ఎకోను చేర్చాయి. రక్తం తోసే శాతం 50 లేదా అంతకన్నా తక్కువ ఉన్నా, స్ట్రెయిన్ 18 శాతం కన్నా తగ్గినా సంకోచ లోపంగా లెక్కించాలన్నాయి.

ఈసీజీకి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. చిన్న ఊళ్ల రోగులకైనా నిమిషాల్లో తీయవచ్చు. స్ట్రెయిన్ ఎకోకు మాత్రం తగిన సాఫ్ట్‌వేర్ ఉన్న యంత్రం, నేర్పున్న చేయి రెండూ కావాలి.

చికిత్స, మార్పిడి

దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. పోర్టల్ ఒత్తిడి తగ్గించే బీటా బ్లాకర్లు వేగం అందుకోలేని గుండెను మరింత నెమ్మది చేస్తాయేమోనన్న చర్చ నడుస్తోంది. ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివర్ అండ్ బిలియరీ సైన్సెస్ పరిశోధకులు కార్వెడిలాల్ అనే బీటా బ్లాకర్‌కు గుండె వేగం తగ్గించే ఐవాబ్రడిన్ జతచేసి చూశారు. గుండె సడలే తీరు మెరుగుపడిందని ప్రకటించారు.

మూలం కాలేయంలో ఉంది కాబట్టి నివారణ కూడా అక్కడే మొదలవుతుంది. సిరోసిస్‌కు దారితీసే హెపటైటిస్ బికి 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ చవకగా టీకా తెచ్చింది.

జబ్బు ముదిరాక మిగిలే దారి కాలేయ మార్పిడి. తెలుగునాట మరణానంతర అవయవదానాన్ని 2013 నుంచి జీవన్‌దాన్ పథకం సమన్వయం చేస్తోంది. అయితే గుండెకు అసలు పరీక్ష ఆపరేషన్ గదిలోనే. కొత్త కాలేయానికి రక్తం వదలగానే చల్లని, పొటాషియం నిండిన రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. ఆ ధాటిని తట్టుకున్నవారి గుండె తిరిగి కోలుకుంటుందని 2005లో బార్సిలోనాకు చెందిన టోరెగ్రోసా బృందం చూపింది. మార్పిడి తర్వాత 6 నుంచి 12 నెలల్లో వారి గుండె గోడల మందం తగ్గింది, శ్రమకు గుండె స్పందించే తీరు మెరుగైంది.