కర్చీఫ్ వేసి బస్సెక్కనివాళ్లు: 1996 సిన్ ఫ్లడ్ కథ

ఈ ఎపిసోడ్‌లో 1996 సెప్టెంబరుకి వెళ్దాం. న్యూయార్క్‌లో పానిక్స్ అని ఒక ఇంటర్నెట్ సర్వీస్ కంపెనీ. ఆ నెల 6వ తేదీ నుంచి దాని సర్వర్లు పలకడం మానేశాయి. మెయిల్ రాదు, వెబ్‌సైట్ తెరుచుకోదు. అలాగని ఎవరూ లోపలికి చొరబడలేదు, ఏ పాస్‌వర్డూ పోలేదు.

మన ఆర్టీసీ బస్సు గుర్తుతెచ్చుకోండి. కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే సీటు మనది. టీసీపీలోనూ అంతే. ఒక కంప్యూటర్ 'సిన్' అనే ప్యాకెట్ పంపి, మాట్లాడతానంటుంది. సర్వర్ సరేనని జవాబిచ్చి, దానికోసం మెమరీలో ఒక చోటు ఆపుతుంది. అవతలివైపు నుంచి మళ్లీ జవాబొస్తేనే కనెక్షన్ పూర్తయినట్టు. ఆ మూడో మాట రాకపోతే? బీఎస్‌డీ సిస్టమ్‌లు 75 సెకన్లు ఎదురుచూసేవి. ఇలా ఆపే చోట్లు చూస్తే, బీఎస్‌డీ నుంచి పుట్టిన పాత సిస్టమ్‌లలో పదిలోపే! దొంగ అడ్రసులతో సిన్‌లు పంపుతూ ఉంటే చాలు, బస్సంతా కర్చీఫులే, మనిషి ఒక్కడూ ఉండడు. అంత చిన్న క్యూ నింపడానికి మామూలు డయలప్ మోడెమ్ సరిపోతుంది.

నన్ను ఆపేసే విషయం ఇంకొకటుంది. ఈ లోపం 1994లోనే తెలుసు. బెల్ ల్యాబ్స్‌లో బిల్ చెస్విక్, స్టీవ్ బెలోవిన్ దీన్ని గుర్తించారు. ఫైర్‌వాల్స్ మీద వాళ్లు రాస్తున్న పుస్తకంలో ఒక పేరా రాసి, తర్వాత తీసేశారు. మందు లేని జబ్బుని చాటింపు వెయ్యడం ఎందుకు అనుకోవడంలో తప్పులేదు. కానీ చూడండి, ఆ తర్వాత రెండేళ్లలో మందు తయారవ్వలేదు. 1996లో ఫ్రాక్ పత్రిక దాడి చేసే కోడ్‌తో సహా ప్రచురించింది. ఇక దాపరికం ఎవరిని కాపాడినట్టు?

పానిక్స్ దెబ్బతిన్నాక పనులు చకచకా జరిగాయి. సెప్టెంబరు 19న సెర్ట్ హెచ్చరిక ఇచ్చింది. అదే నెలలో డేనియల్ బెర్న్‌స్టీన్, ఎరిక్ షెంక్ 'సిన్ కుకీలు' అనే ఉపాయం తేల్చారు. ఇందులో సీటే ఆపరు. అడిగినవాడి అడ్రసు, పోర్టు, సమయం, ఒక రహస్యం కలిపి లెక్కగట్టిన నంబరుని జవాబులోనే టోకెన్‌లా పంపేస్తారు. నిజంగా ఉన్నవాడైతే ఆ టోకెన్‌తో తిరిగొస్తాడు, అప్పుడే సీటు. దొంగ అడ్రసుకి వెళ్లిన టోకెన్ తిరిగిరాదు.

1997 ఫిబ్రవరిలో షెంక్ దీన్ని లైనక్స్‌కి రాశాడు. ఆ సెట్టింగ్ లైనక్స్‌లో ఇప్పటికీ ఉంది, క్యూ పొంగినప్పుడు పనిలోకి దిగుతుంది. దొంగ అడ్రసుల్ని పుట్టినచోటే ఆపే ఫిల్టర్ల సంగతి వేరే కథ, అది వచ్చే ఎపిసోడ్‌లో.