చీటీ మీద అమ్మ పేరు

యుద్ధాల చరిత్ర చదివేటప్పుడు సేనాపతులు, గెలుపోటములు, తేదీలు ఇవే మన కళ్ళబడతాయి. ఇంటిదగ్గర ఎదురుచూసిన ఆడవాళ్ళ ఊసు ఎక్కడోగాని తగలదు. కాని ఒక యుద్ధఖైదీ తాలూకు కాగితాల జాడ పట్టుకుని వెళ్ళి చూడండి, ప్రతి మలుపులోనూ ఒక తల్లో, భార్యో ఎదురవుతూనే ఉంటుంది. నవలలు రాసుకునేదాన్ని గనక నాకు ఈ వెతుకులాటంటే మహా ఇష్టం. మనం కల్పించలేని కథలు ఆ చీటీల్లో ఉంటాయి.

హ్యూస్టన్ అని అమెరికా వారి యుద్ధనౌక ఒకటుండేది. 1942 మార్చి 1న, అర్ధరాత్రి దాటాక, జావా సుమత్రాల మధ్య సుందా జలసంధిలో జపానువారు దాన్ని ముంచేశారు. అందులో ఉన్నది 1,061 మంది. బతికి బయటపడి ఖైదీలైనవారు 368 మంది. అమెరికాలో వాళ్ళ ఇళ్ళకు వెళ్ళిన తంతి మాత్రం ఒక్కటే, మీవాడి ఆచూకీ తెలియడం లేదని. పోయాడని అనలేదు, ఉన్నాడనీ అనలేదు. మన భాషలో చెప్పాలంటే, బొట్టు ఉంచుకోవాలో తుడుచుకోవాలో తెలియని స్థితి. యుద్ధం ముగిసేదాకా చాలా ఇళ్ళకు పూర్తి సంగతి అందనే లేదు.

అలాంటి నావికుడి కాగితాలు ఈనాడు ఎవరైనా వెతకాలంటే ఎలా? మొట్టమొదట కావలసింది అతని సర్వీసు నంబరు. ఒకే పేరుతో పదిమంది ఉండొచ్చు, నంబరు మాత్రం ఒక్కడిదే. అది తెలియకపోతే ఓడ హాజరుపట్టీలు చూడాలి. బళ్ళో మేష్టారు పిలిచే హాజరు లాంటిదే అనుకోండి. మూడేసి నెలలకొకసారి ఓడలో ఎవరెవరున్నారో రాసి పై కార్యాలయానికి పంపేవారు. అంచేత ఓడ మునిగినా పేర్లు మునగలేదు.

నంబరు దొరికాక సెయింట్ లూయిస్ నగరంలోని సైనికోద్యోగుల రికార్డుల కేంద్రానికి దరఖాస్తు పెట్టాలి. ఆ కేంద్రానిదీ ఒక పెద్ద కథే. 1973 జులై 12న అక్కడ ఆరో అంతస్తు అంటుకుంది. కోటీ అరవై లక్షలనుంచి కోటీ ఎనభై లక్షలదాకా ఫైళ్ళు బూడిదయ్యాయి. వాటికి నకళ్ళు లేవు. తడిసి ముద్దయిన కట్టలను, అంతరిక్ష నౌకల పరీక్షకోసం కట్టిన శూన్యగదిలో పెట్టి ఆరబెట్టారట! పోయినవన్నీ సైన్యానివీ, విమానదళానివీ. నౌకాదళం వారి ఫైళ్ళకు నిప్పు తగల్లేదు. సముద్రంలో ఓడ పోగొట్టుకున్నవాడి కాగితం అగ్నిలోంచి బయటపడిందన్నమాట.

మరి ఆ ఫైలు ఎవరికిస్తారు? నౌకాదళం విడిచి 62 ఏళ్ళు దాటితే ఎవరడిగినా రుసుము పుచ్చుకుని ఇస్తారు. దాటకపోతే, ఆ మనిషి పోయివుంటే, పూర్తి కాగితాలు దగ్గరివారికే. ఆ దగ్గరివారెవరో జాబితా ఉంది. తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, తోబుట్టువులు, మళ్ళీ పెళ్ళి చేసుకోని భార్య. మనవరాలికి అందులో చోటు లేదు. "మళ్ళీ పెళ్ళి చేసుకోని" అన్న ఆ ఒక్క ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మూడున్నరేళ్ళు తంతి కాగితం పట్టుకుని కూర్చున్న మనిషి, ఆ తర్వాత ఎప్పుడో ఇంకొక తోడు చూసుకుంటే, ఆ మూడున్నరేళ్ళూ లెక్కలోంచి కొట్టేసినట్టేనా? మీరే చెప్పండి.

బ్రిటిషు ఖైదీల కాగితాలు ఇంకొక రకం. జపానువారు ఖైదీకొక చీటీ చొప్పున రాసిపెట్టినవి దాదాపు 57,000, లండన్‌లో క్యూ అనే చోట జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. చిక్కిన చోటు, తేదీ, పుట్టినరోజు, అంతకుముందు చేసిన వృత్తి అందులో ఉంటాయి. తండ్రి పేరు, ఆ పక్కనే తల్లి పేరు కూడా. శత్రువు రాసుకున్న చీటీమీద అమ్మ పేరు! కొన్నిటిమీద ఏటవాలుగా ఎర్రగీతలు కొట్టి ఉంటాయి. ఆ బిడ్డ చెరలోనే పోయాడని గుర్తు.

హ్యూస్టన్ నావికులను జావానుంచి సింగపూరు మీదుగా బర్మాకు తరలించి, బర్మా థాయిలాండ్‌ల మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గం పనిలో పెట్టారు. 1943 అక్టోబరులో ఆ మార్గం పూర్తయ్యేనాటికి కలరా, విరేచనాలు, ఆకలి, దెబ్బలు ఎందరినో పొట్టన పెట్టుకున్నాయి. పనిచేసిన 60,000 పైచిలుకు యుద్ధఖైదీల్లో 12,000 మందికి పైగా పోయారు. వారిలో చాలామందికి పేరుంది, నంబరుంది, సమాధిమీద అక్షరాలున్నాయి.

ఆ దారిలోనే మనవాళ్ళూ ఉన్నారు సుమండీ! మలయా రబ్బరు తోటలనుంచి, ఆశపెట్టి కొందరినీ, బలవంతాన కొందరినీ తోలుకుపోయారు. తమిళులు ఎక్కువ, వారితోపాటు తెలుగువారు. బర్మావాళ్ళు, జావావాళ్ళు, మలయావాళ్ళు అందరూ కలిసి ఆ పట్టాలమీద చెమటోడ్చిన ఆసియా కూలీలు సుమారు రెండు లక్షలు. పోయినవారు డెబ్భై వేలనుంచి తొంభై వేలదాకా ఉంటారని అంచనా. అంచనాయే, ఎందుకంటే రాసినవారు లేరు. సైనికుడికి వెనకాల ఒక ప్రభుత్వం ఉంది, ఆ ప్రభుత్వానికొక రిజిస్టరు ఉంది. కూలీకి కంగాణీ లెక్కే ఆధారం. వాళ్ళ అమ్మలకు తంతి కూడా రాలేదు.

మలయాకో, బర్మాకో వెళ్ళి తిరిగిరాని ముత్తాత ఊసు మీ ఇంట్లో ఎప్పుడైనా వచ్చిందా? పెద్దవాళ్ళు ఉండగానే కాస్త దగ్గర కూర్చుని అడగండి. ఆయన పేరు, ఇంటిపేరు, ఊరు, పనిచేసిన తోట పేరు, వెళ్ళిన ఏడు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఆయన తల్లి పేరు తెలిస్తే అదీ రాయండి. రేపు మీ మనవరాలు వెతకబోతే ఏ కార్యాలయమూ ఇవ్వలేని చీటీ అది. దానికి దరఖాస్తూ అక్కర్లేదు, 62 ఏళ్ళు ఆగనూ అక్కర్లేదు.