కాటుక దిగిన రాత్రి

పటాన్‌చెరు దాటేదాకా బండిలో ఎవరం గట్టిగా మాట్లాడం. మీరు ముందు సీట్లో కూర్చున్నారు. మా ఆయన నడుపుతున్నారు. నేను వెనక, నేల మీద బాసింపట్టు వేసుకుని, రెండు బుట్టల మధ్య ఉన్నాను. ఒక బుట్టలో జొన్న. పేరుకు తగ్గట్టే జొన్నరొట్టె రంగు, అక్కడక్కడ పెనం మీద కాలినట్టు మచ్చలు. రెండో బుట్టలో కాటుక, ముక్కు నుంచి తోక కొస దాకా ఒకటే నలుపు. లారీ హారన్ మోగినప్పుడల్లా రెండింటి చెవులూ వెనక్కి వాలుతున్నాయి. జొన్న ఒకసారి ఆవలించి ముడుచుకుంది. కాటుక పెదవి అంచున తడి మెరుస్తోంది. చొంగ కారుతోందంటే దానికి కడుపులో తిప్పుతోందన్నమాట. బుట్ట మీద పాత దుప్పటి కప్పుతాను. చీకటి పడితే పిల్లికి కాస్త ధైర్యం.

పొద్దున ఆరింటికి పిడికెడు చేపన్నం పెట్టాం. ఇప్పుడు పదకొండు. మధ్యలో నీళ్లు తప్ప ఏమీ లేదు. కడుపు నిండా తిని బండెక్కిన పిల్లి ఊరు దాటకముందే కక్కేస్తుంది.

ఈ బండి ట్రావెలర్ వ్యాను. సీట్లు తీయించి, కావలసిన అనుమతులు తీసుకుని, చిన్న ఇల్లులా కట్టించుకున్నాం. ఒక మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, మంచం కింద పిల్లుల ఇసుక ట్రే. కట్టించాక మూడు వారాలు ఇంటి ముందు నుంచి కదపలేదు. ఆ మూడు వారాలూ పిల్లులకు అన్నం బండిలోనే. మొదటి వారం ఇంజను ఆపి, రెండో వారం ఇంజను నడిపిస్తూ, మూడో వారం వీధి చివరిదాకా ఒక చక్కర్ కొట్టి. మా అత్తగారు వాకిట్లో నిలబడి చూసి చూసి, "చంకన పిల్లిని పెట్టుకుని పెళ్లికి పోయినట్టుందే అమ్మాయ్" అన్నారు. ఆమె మాట ఊరికే పోలేదు. పోయినేడు నిజంగానే ఒక పెళ్లికి వెళ్తూ వీటిని మూడు రోజులు పక్కింటివాళ్లకు అప్పగించాం. వాళ్లు ప్రేమగానే చూశారు. కాటుక మాత్రం పళ్లెం వైపు తిరిగి చూడలేదు. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయానికే ముప్పని డాక్టరు చెప్పినప్పుడు నా కాళ్లు చల్లబడ్డాయి. ఆ రోజే అనుకున్నాం, ఇక మనం ఎక్కడుంటే ఇవీ అక్కడే.

సంగారెడ్డి దగ్గర ముంబయి రోడ్డు వదిలి 161వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. నాందేడ్ మీదుగా అకోలా దాకా పోయే రోడ్డు ఇది. కాసేపటికి మంజీర వంతెన. కిందికి చూడండి. మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి ఆగ్నేయంగా వచ్చిన ఏరు, ఈ ప్రాంతంలోనే ఉత్తరానికి మళ్లి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒడ్డున పచ్చిక చూస్తే ఆగాలనిపిస్తుంది. ఆగం. ఎగువన 1978లో అభయారణ్యంగా ప్రకటించిన నీళ్లున్నాయి, వాటిలో మొసళ్లున్నాయి. పిల్లులతో వెళ్లేవాళ్లు నీటి ఒడ్డున బండి పెట్టకూడదన్నది నా పట్టుదల.

జోగిపేట, పెద్ద శంకరంపేట. మట్టి రంగు మారుతోంది. ఎరుపు తగ్గి నల్లరేగడి మొదలైంది. రోడ్డుకు ఇటూ అటూ కంది పూత మీదుంది, పత్తి చేలల్లో తెల్లగా విచ్చుకున్న కాయలు, తలపాగాలు చుట్టుకుని ఏరుతున్న ఆడవాళ్లు. నిజాంపేట దగ్గర హైవే వదిలి నారాయణఖేడ్ వైపు తిరిగాం. హైదరాబాద్ నుంచి 120 కిలోమీటర్లకు అటూ ఇటూ.

ఊళ్లో చాయ్ హోటల్ ముందు బండి ఆగగానే పిల్లలు మూగారు. ఇంత పొడుగు బండి, కిటికీలకు కర్టెన్లు. తెలుగునాట క్యారవాన్ అంటే సినిమావాళ్లదే కదా. "షూటింగా అక్కా? ఏ హీరో వచ్చిండు?" కర్టెన్ పక్కకు జరిపి జొన్నను చూపించాను. ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత కేరింతలు. "పిల్లి!" అన్నాడొకడు. పక్కన చాయ్ తాగుతున్న పెద్దాయన "బెక్కు" అని నవ్వాడు. బెంచీ మీదున్న ఇంకొకాయన "మాంజర్" అన్నాడు, గల్లాపెట్టె దగ్గరి కుర్రాడు "బిల్లీ రే" అన్నాడు. నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉన్న తాలూకా. కన్నడమూ మరాఠీ ఇక్కడికి కూతవేటు దూరం, ఉర్దూ ఊళ్లోనే ఉంది. జొన్న నాలుగు పేర్లూ విని కళ్లు మెల్లగా మూసి తెరిచింది. అట్లా మూసి తెరిచిందంటే భయం లేదని అర్థం.

చాయ్ మేమిద్దరం వంతులవారీగా తాగాం. బండి మూసి ఇద్దరం దిగే ప్రసక్తే లేదు. బయట 30 డిగ్రీలుంటే మూసిన బండిలో 20 నిమిషాలకే 40 దాటిపోతుంది. అద్దం నాలుగు వేళ్ల మేర దించితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, అది దాదాపు ఏమీ తగ్గించదు. పిల్లికి చెమట పట్టేది పాదాల కింద ఆ కాస్త మెత్తల్లోనే. కుక్కలా నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టిందంటే అప్పటికే ఆలస్యమైందని లెక్క.

రాత్రికి మజిలీ మా ఆయన స్నేహితుడి మేనమామ చేనులో. ఊరి బయట బోరు, పక్కన వేపచెట్టు, చుట్టూ కంది. "మంచిగ ఉండుర్రి, భయమేం లేదు, కుక్కలొస్తె మాత్రం పైలం" అని చెప్పి మామ సైకిల్ మోటార్ ఎక్కి వెళ్లిపోయారు.

ఇప్పుడు చూడండి. ఇంజను ఆపి పావుగంటయింది. బుట్టల తలుపులు తీశాను. జొన్న ముందు తల, తర్వాత భుజాలు, చివరికి మొత్తం బయటపెట్టి ఒళ్లు విరుచుకుంది. నేరుగా తలుపు దగ్గరికి పోయి, చట్రం అంచుకు చెంప ఆనించి గట్టిగా రుద్దింది. ఒకసారి కుడి చెంప, ఒకసారి ఎడమ. తర్వాత పొయ్యి కాలు, మంచం కోడు, నా మోకాలు. దాని చెంపల్లో వాసన గ్రంథులున్నాయి. మన ముక్కుకు అందని ఆ వాసనతో ఇది నాది అని రాసుకుంటుంది. అందుకే దాని పరుపుగుడ్డ నేను ఉతకను, ఇసుక కూడా ఇంట్లో వాడినదే కొంత కలిపి తెస్తాను. పిల్లికి ఇల్లంటే గోడలు కావు, తన వాసన ఉన్న చోటు. ఆ వాసనను ఇంట్లో వదిలి పిల్లిని ఒక్కదాన్నే బండిలో వేసుకుపోవడం దాన్ని ఇల్లు లేనిదాన్ని చేయడమే.

కాటుక బయటికి రాలేదు. బుట్టలోంచి రెండు పచ్చటి చుక్కలు మాత్రం కనబడుతున్నాయి.

పొద్దు గుంకే వేళ రోడ్డు మీద మువ్వల చప్పుడు. ఎద్దుల బండ్లు, టైర్లవి, ఒకదాని వెనక ఒకటి ఎనిమిది. బండి నిండా జొన్నల బస్తాలు, వంటగిన్నెలు, తాటిపత్రి చుట్టలు, గంపలో కోళ్లు. వాటి మీద పసిపిల్లలు. బండి కింద నీడలో కుక్క. తండాల నుంచి చెరుకు నరకడానికి పోతున్న లంబాడీ కుటుంబాలు. చక్కెర ఫ్యాక్టరీల గానుగ నవంబరు నుంచి మార్చి దాకా. భర్త నరికితే భార్య మోపు కడుతుంది, ఎద్దులు ఫ్యాక్టరీకి లాగుతాయి. అన్నాళ్లూ ఫ్యాక్టరీ దగ్గర తాటిపత్రి గుడిసెలోనే కాపురం. తండా అన్న మాటకు ఒకప్పుడు స్థిరమైన ఊరన్న అర్థం లేదు. ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద వేసుకుని దేశం నడిచిన బిడారు అది. రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేసింది.

వాళ్లూ రాత్రికి బోరు దగ్గరే ఆగారు. మూడు రాళ్ల పొయ్యిలు వెలిగాయి. జొన్నరొట్టె తట్టే చప్పుడు మా బండి దాకా వినబడుతోంది. వాళ్లది నాలుగైదు నెలల బతుకుతెరువు, మాది నాలుగు రోజుల సెలవు. పక్కపక్కనే నిలబడ్డ ఆ రెండు రకాల బండ్లను చూస్తే నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది.

తప్పు నాదే. తొమ్మిదింటికి గిన్నెలు కడగడానికి దిగాను. తలుపుకు లోపల దోమతెర కట్టి ఉంటుంది, అది పూర్తిగా జిప్ వేసిన తర్వాతే బయటి తలుపు తీయాలి. రెండు చేతుల్లో గిన్నెలుండి తెర జానెడు మేర వదిలేశాను. వెనక్కి వచ్చేసరికి కాటుక బుట్ట ఖాళీ.

"కాటుకా! కాటుకా!" కందిచేను మొదటి సాలులోకి టార్చి పట్టుకుని పరిగెత్తాను. రేగడి పగుళ్లలో చెప్పు ఇరుక్కుంది. కట్లపాములు తిరిగే వేళ అని తెలుసు, అయినా ఆగలేదు. మా ఆయన రోడ్డు వైపు వెళ్లారు. బండ్ల దగ్గరి కుక్క మొరగడం మొదలుపెట్టింది. నా గొంతు పెరుగుతోంది. ఎంత అరిస్తే అంత నిశ్శబ్దం.

పొయ్యి దగ్గర నుంచి ఒక అవ్వ లేచి వచ్చింది. మోచేతి దాకా తెల్లటి గాజులు, తలమీద అద్దాల కొంగు.

"గట్ల మొత్తుకుంటె అది రాదు బిడ్డా. బెదిరిన జీవం. లైటు బందు చెయ్యి. అది పండే బట్ట ఉంటె గీ తలుపు కింద ఎయ్యి. సప్పుడు చెయ్యకుంట కూసో."

తన మనుషులను కేకేసి కుక్కను కట్టేయించింది. నేను కాటుక పరుపుగుడ్డ తెచ్చి మెట్టు కింద పరిచాను. టార్చి ఆర్పాను. అవ్వ నా పక్కనే నేల మీద కూర్చుంది.

చలి మొదలైంది. వేపాకు కదిలితే ఉలిక్కిపడుతున్నాను. చీకట్లో ట్రిమ్ గుర్తొచ్చింది. 1799లో ఓడ మీదే పుట్టిన నల్లపిల్లి, పాదాలు తెలుపు. మాథ్యూ ఫ్లిండర్స్ అనే నావికుడితో కలిసి ఆస్ట్రేలియా ఖండం చుట్టూ తిరిగింది. ఒకసారి సముద్రంలో పడి, తాడు పట్టుకుని ఎక్కి వచ్చింది. అన్ని సముద్రాలు దాటినది చివరికి మారిషస్‌లో, నేల మీద కనబడకుండా పోయింది. ఓడే దాని ఇల్లు.

"మీకు పిల్లి ఉందా అవ్వా?" గుసగుసగా అడిగాను.

"ఉన్నది. తండాల ఇడిసొచ్చినం. తెస్తె ఉండదు బిడ్డా. కుక్క మనిషెంబడి వస్తది, పిల్లి ఇల్లు ఇడువది. మా ముసలాయన చూస్కుంటడు." కాసేపు ఆగింది. "పెద్ద మనుమడు గూడ ఆడ్నే. బడి పోతదని తోల్కరాలే. చిన్నది ఇంకా పాలు మరువలేదు, అందుకే నేను ఎంబడొచ్చిన."

ఇలా వలసపోయేవాళ్ల పిల్లల చదువు ఆగకూడదని ఈ ప్రాంతంలో సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. పిల్లవాడు బడిలో ఉండాలంటే తల్లి లేకుండా పండుకోవాలి. అవ్వ దాని గురించి ఫిర్యాదేమీ చేయలేదు. నాకే ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఎంతసేపైందో. బండి అడుగున ఇనుము మీద గోరు గీరిన చప్పుడు. టిక్. మళ్లీ టిక్. అవ్వ నా మణికట్టు పట్టుకుంది, కదలొద్దని. స్టెప్నీ టైరు మీద నుంచి నల్లటి నీడ ఒకటి జారి నేలను తాకింది. నేను చేనంతా గాలించి అరుస్తున్నంతసేపూ అది నాకు రెండు బారల దూరంలో, మా బండి కిందే ఉంది. గుడ్డ దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. ముందు కాళ్లతో నాలుగుసార్లు పిసికి దాని మీద కూర్చుంది. మెడ వెనక చర్మం పట్టి, కింద చెయ్యి ఆనించి ఎత్తుకున్నాను. దాని గుండె నా అరచేతిలో లెక్క అందనంత వేగంగా కొట్టుకుంటోంది. పాదాలు తడిగా ఉన్నాయి.

తెర జిప్ రెండుసార్లు చూసుకుని పడుకున్నాను. నిద్ర రాలేదు.

తెల్లవారుజామున ఎద్దుల మెడలో గంటలు. మీరు కూడా లేవండి, బండ్లు కడుతున్నారు. కంది మీద మంచు, పొయ్యిల మీద నీళ్లు చల్లిన పొగ. అవ్వ మెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. "ఏం చేస్తున్నది నీ నల్లది? తిన్నదా?"

తింది. పళ్లెం చూపించాను. పట్టీ తొడిగి, తాడు చేతికి చుట్టుకుని కాటుకను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. నల్లపిల్లి ఎదురైతే బండి ఆపేవాళ్లను చాలామందిని చూశాను. అవ్వ దాని నుదుటి మీద వేలితో రాసి, "మంచి శకునం, రాత్రి పోయింది మళ్ల వచ్చింది" అంది. కోడలిని పిలిచింది. "ఫోటో దియ్యి. మా పెద్దోనికి పంపు. పిల్లి బండెక్కి ఊర్లు తిరుగుతున్నదని చెప్పు."

కోడలు ఫోన్ ఎత్తి తీసింది. పంపింది. మొదటి బండి రోడ్డెక్కింది, రెండోది కదిలింది. వాళ్ల బండి కాడి ఎత్తుతుండగా ఫోన్ టింగుమంది. కోడలు చూసి, నడుముకు బిడ్డను ఎత్తుకుని గబగబా మా కిటికీ దగ్గరికొచ్చి ఫోన్ నా ముందు పెట్టింది.

మట్టిగోడ, తలుపు పక్కన నులకమంచం. స్కూలు చొక్కా గుండీలు పైకీ కిందికీ పెట్టుకున్న ఎనిమిదేళ్ల పిల్లవాడు. రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తి పట్టుకున్న పిల్లి, తెలుపూ బూడిదా చారలది. వెనక కాళ్లు పిల్లవాడి మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. కింద ఒక వాయిస్ మెసేజ్. కోడలు నొక్కింది. లంబాడీలో ఏదో గబగబా అన్నాడు.

"ఏమంటున్నాడు?" అడిగాను.

"రాత్రి వాని కాళ్ల కాడ పండుకున్నదట" అంది అవ్వ. కొంగు సర్దుకుని బండెక్కింది.