క్షయరోగికి మందందించిన చేతులు

క్షయరోగచరిత్రను వ్రాయువారు సాధారణముగా 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్టు కోఖ్ పండితుడు రోగకారకమగు క్రిమిని సభాముఖమున ప్రకటించుటతో ఆరంభించి, 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడుటను, 1952లో ఐసోనయాజిడు వాడుకలోనికి వచ్చుటను వర్ణించి, అంతటితో కథ ముగించుచుందురు. కాని మందు కనుగొనబడుట వేరు. ఆ మందు ఒక కూలివాని చేతికి నెలల తరబడి, ఒక్కపూటయు తప్పక అందుట వేరు. ఈ రెండవది కాంపౌండర్ల చరిత్ర, అంగన్‌వాడీ కార్యకర్తల చరిత్ర, రోగముక్తులై మరియొక రోగికి తోడు నిలిచినవారి చరిత్ర. దానిని గూర్చి వ్రాయబడినది మిక్కిలి తక్కువ.

ఈ వ్యాధికి మందే లేని కాలమున రోగిని మంచి గాలి చెంతకు కొనిపోవుచుండిరి. 1915లో మదనపల్లెకు చేరువ ఆరోగ్యవరమున క్రైస్తవ మిషనులు నెలకొల్పిన శానిటోరియమునందు, డెన్మార్కు దేశీయుడగు డాక్టరు ఫ్రిమోట్ మొల్లరు ఆధ్వర్యవమున, విశ్రాంతియు, నిర్మలవాయువును, పుష్టికరాహారమునే చికిత్సలో ప్రధానసాధనములై యుండెను. అచ్చట మంచముల సంఖ్య పరిమితము, దేశమున రోగుల సంఖ్య అపారము. మంచము దొరకనివాడు ఇంటనే దగ్గుచు కాలము గడపవలసినదే.

ఈ చిక్కును విప్పినది మద్రాసు. భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము కలిసి 1956లో అచ్చట క్షయ ఔషధచికిత్సా కేంద్రమును స్థాపించిరి. 193 మంది పేదరోగులలో కొందరిని శానిటోరియమునను, కొందరిని వారి యిండ్లయందును ఉంచి, ఉభయులకును ఒకే మందులను ఏడాదిపాటు ఇచ్చి చూడగా, ఇరుకుగదులలో అరకొర తిండితో బ్రదుకుచున్నవారు సైతము శానిటోరియములోని వారితో ఇంచుమించు సమానముగా కోలుకొనిరని 1959లో ప్రకటింపబడెను; వారివలన ఇంటివారికి అధికమైన హాని కలుగలేదనియు తేలెను. శానిటోరియముల యుగము ఆ దినముననే ముగిసినదని చెప్పవచ్చును.

అయితే ఇంటనున్న రోగి మందు మ్రింగెనో లేదో ఎవ్వరు చూడవచ్చిరి? ఆ కేంద్రమువారు ముందు తెలుపకయే రోగుల యిండ్లకేగి మిగిలిన బిళ్ళలను లెక్కించిరి; మూత్రమును పరీక్షించి మందు జాడను వెదకిరి. జ్వరము తగ్గి, ఒడలు తేరుకొని, తిరిగి పనికి పోగలిగిన మనిషి, కడుపున వికారము పుట్టించు పి.ఏ.ఎస్. (పారా ఎమినో శాలిసిలిక్ ఆమ్లము) మందును ఏడాది పొడుగునను మ్రింగుట ఎంత కష్టమో వారికి అప్పుడు బోధపడెను. అందులకే వారానికి రెండు దినములు మాత్రము రోగిని రప్పించి, సిబ్బంది కన్నులయెదుట మందిచ్చు పద్ధతిని పరీక్షించి, 1964లో దాని సాఫల్యమును ప్రకటించిరి. ఎదుట నిలిచి మందు మ్రింగించు విధానమునకు తదుపరి లోకమంతటను కలిగిన ప్రసిద్ధిలో మద్రాసు పాలు గొప్పది.

ఇంతలో బెంగుళూరునందలి జాతీయ క్షయ సంస్థ, ఈ చికిత్సను పల్లెలకు చేర్చు మార్గమును వెదకుచు, 1961లో అనంతపురము జిల్లాను ప్రయోగక్షేత్రముగా ఎన్నుకొనెను. 1962లో దేశమంతటికిని వర్తించిన జాతీయ క్షయ కార్యక్రమమునకు ఈ కరవుసీమలోనే తొలిరూపు ఏర్పడినదన్న సంగతి తెలుగువారిలో పెక్కుమంది ఎరుగరు. క్షయకు వేరుగా ఆసుపత్రులు కట్టక, ఉన్న ఆసుపత్రులలోనే, ఉన్న సిబ్బంది చేతనే పని నడిపింపవలెనన్నది దాని మూలసూత్రము. అందుచే భారము చాలవరకు మందులిచ్చు కిటికీ వెనుకనున్న కాంపౌండరుపై బడెను. నెలకు సరిపడు బిళ్ళలను లెక్కించి యిచ్చుట, రోగి కార్డున తేదీ వేయుట, గడువునకు రానివారిని గుర్తించుట చిన్నపనులుగా తోచును గాని, చికిత్స సమస్తము వానిపైననే నిలిచియుండెను. రాని రోగికి ముందొక ఉత్తరము, దానికిని కదలనిచో ఇంటికి మనిషి: ఇదియే నాటి పద్ధతి.

అదే సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సనులు తుమకూరు జిల్లాలో చేసిన సర్వే 1963లో వెలువడినది. క్షయరోగులలో సగమునకు పైగా తమంతట తామే వైద్యము కోరి వెళ్ళినవారనియు, పెక్కుమంది దగ్గుమందు సీసాతో తిరిగి వచ్చిరనియు అందు తేలెను. రోగి అజ్ఞానముచే రాలేదనుట అప్పటికిని ఇప్పటికిని సులభమైన మాట. అతడు వచ్చెను, కిటికీ ఇవతల నున్నవారు గుర్తింపలేదు.

కార్యక్రమము ముప్పదియేండ్లు నడచిన పిమ్మట, 1992లో జరిగిన సమీక్షలో మందుల కొరతయు, ధనలోపమును, చికిత్స పూర్తి చేయని రోగుల బాహుళ్యమును బయటపడెను. 1993లో ప్రయోగాత్మకముగా ఆరంభమై 2006 నాటికి దేశమంతట వ్యాపించిన సవరించిన కార్యక్రమమున నాకు మిక్కిలి గౌరవపాత్రమైనది రోగిపేరిట కేటాయించు మందుల పెట్టె. క్రొత్త రోగికి ఎర్రపెట్టె. అందు తొలి రెండు నెలలకు 24 మోతాదులు, తరువాతి నాలుగు నెలలకు 54 మోతాదులు. చికిత్స మొదలిడిన దినముననే కడపటి బిళ్ళవరకు ఆ మనిషికై కేటాయింపబడి యుండెను. మధ్యలో మందు లేదను మాట వినవలసిన పనిలేదన్న ధైర్యమును పేదవానికి ఇచ్చినది ఆ అట్టపెట్టె.

పెట్టెను రోగి యింటనుంచక, అంగన్‌వాడీ టీచరు వద్దనో, ఆశా కార్యకర్త వద్దనో, ఊరి బడిపంతులు వద్దనో ఉంచిరి. రెండవ దశలో వారపు పొట్లములోని తొలి మోతాదును వారి యెదుట మ్రింగి, మిగిలినవి యింటికి కొనిపోయి, ఖాళీ పొట్లమును మరల చూపవలెను. హైదరాబాదున 1995 నుండి మహావీర్ ఆసుపత్రి వారు సమీపమునందలి ప్రైవేటు వైద్యులతో చేయి కలిపి, రోగి తన యింటికి దగ్గరనున్న నర్సింగుహోములోనే ఉచితముగా మందు పుచ్చుకొను ఏర్పాటు చేసిరి. దినకూలి పోకుండ మందు దొరకుట పేదవానికి ఎంత మేలో చెప్పనక్కరలేదు. పెండ్లి కావలసిన పిల్లకు వ్యాధి సోకినపుడు వాడవారికి తెలియనీయక మందందించిన కార్యకర్తల నేర్పు ఏ రిజిస్టరునందును కానరాదు.

వీధిలోని మందుల షాపువారిని ఈ పనిలో చేర్చుకొనుట ఆలస్యమయ్యెను. చీటీలోని మందులలో చేతిలో డబ్బున్నంతవరకే కొనిపోవు రోగి మొదట కనబడునది వారికే గదా. 2014 మార్చి నుండి క్షయమందులు ఔషధ నియమావళిలోని హెచ్1 షెడ్యూలున చేరి, వ్రాసిన వైద్యుని పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణము ప్రత్యేక రిజిస్టరున నమోదు చేసి మూడేండ్లు భద్రపరుప వలసివచ్చెను. ఇది ఆంక్షగా గాక ఆచూకీగా ఉపయోగపడవలెనని నా యభిప్రాయము.

2017లో దినదినము మ్రింగు సంయుక్తపు బిళ్ళలు, రోగి బరువునుబట్టి మోతాదు నిర్ణయించు పద్ధతి వచ్చెను. 2024 మార్చిలో మాత్రము నిల్వలు తరిగి, రాష్ట్రములే స్థానికముగా మందులు కొనుగోలు చేసికొనవలసినదని కేంద్రము ఉత్తరము వ్రాసెను. ఒక్కరోజైనను మానవలదని రోగులకు చెప్పుచు వచ్చినవారే ఆ దినములలో లేని మందుకు సమాధానము చెప్పుకొనవలసిన స్థితి ఏర్పడెను. అది వారిపై పడదగిన భారము కాదు.